నాందేడ్ - కడప: విమాన మార్గ దూరం, ప్రయాణ కాలం

మహారాష్ట్రలోని నాందేడ్, ఆంధ్రప్రదేశ్‌లోని కడప రెండును చిన్న ప్రాంతీయ విమానాశ్రయాలు. నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో అంతర్భాగం. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతాలలో తరతరాలుగా తెలుగు కుటుంబాలు నివసించుచున్నవి. రాయలసీమతో బంధుత్వములు గల కుటుంబాలకు ఈ రెండు ఊళ్ల నడుమ దూరం తెలియుట అవసరం.

దూరం

రెండు విమానాశ్రయాల నడుమ గగన మార్గాన దూరం సుమారు 540 కిలోమీటర్లు, అనగా 290 నాటికల్ మైళ్లకు కొద్దిగా ఎక్కువ. రోడ్డు మార్గాన సంగారెడ్డి, హైదరాబాదు, కర్నూలు, నంద్యాల, మైదుకూరుల మీదుగా పోయినచో దాదాపు 700 కిలోమీటర్లు.

హైదరాబాదు (శంషాబాద్) విమానాశ్రయం దాదాపుగా ఈ సరళరేఖ మీదనే ఉన్నది. నాందేడ్ నుండి శంషాబాద్‌కు సుమారు 245, అక్కడి నుండి కడపకు సుమారు 305, మొత్తం 550 కిలోమీటర్లు. కావున హైదరాబాదులో విమానం మారినను అదనపు దూరం పది కిలోమీటర్లే.

ప్రయాణ కాలం

ప్రాంతీయ మార్గాలలో తరచుగా నడుపబడు ఏటీఆర్-72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో ఎగురును. ఆ లెక్కన 540 కిలోమీటర్లకు 65 నిమిషాలు చాలును. పైకి లేచుటకు, దిగుటకు మరొక పావుగంట, ఇరువది నిమిషాలు కలుపుకొనవలెను.

హైదరాబాదులో మారి పోవువారికి లెక్క వేరు. ముందుగా చేరుటకు గంటన్నర, రెండు ప్రయాణాలకు రమారమి రెండు గంటలు, మధ్యలో నిరీక్షణకు కనీసం రెండు గంటలు, సామాను తీసుకొనుటకు అరగంట, వెరసి ఆరు గంటలు. కాలహరణం నిరీక్షణ వలననే గాని దూరం వలన కాదు.

సేవల చరిత్ర

కడప విమానాశ్రయం 2015 జూన్‌లో పునఃప్రారంభమైనది. ఉడాన్ పథకం క్రింద 2017 ఏప్రిల్ 27న కడప - హైదరాబాదు, నాందేడ్ - హైదరాబాదు సర్వీసులు ఒకే దినమున ఆరంభమైనవి. ఈ పథకంలో కొన్ని సీట్లకు గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయింపబడినది. రెండింటిని నడిపిన ట్రూజెట్ సంస్థ 2022 ఫిబ్రవరిలో నిలిచిపోయినది. అటు పిమ్మట ఇతర సంస్థలు ప్రవేశించినవి. చిన్న విమానాశ్రయాలలో సర్వీసులు ఆరంభమగుట, ఆగుట సాధారణం. ప్రతిదినం నడువని సర్వీసులును ఉండును.

సరిహద్దు కుటుంబాలు గమనింపదగినవి

దేగ్లూరు నాందేడ్‌కు దక్షిణాన 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడివారు విమానమునకై ఉత్తరానికి పోయి, తిరిగి తమ ఊరి మీదుగానే దక్షిణానికి ఎగురవలసి వచ్చును. నేరుగా రోడ్డున శంషాబాద్ చేరి కడప విమానం ఎక్కినచో కాలం రమారమి అంతే, ఒక టికెట్టు ఖర్చు తగ్గును. ధర్మాబాద్ వారికి సికింద్రాబాద్ రైలు మార్గం అందుబాటులో ఉన్నది.

రెండు విమానాలకు వేర్వేరుగా టికెట్లు కొన్నవారు, మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయినచో సాధారణంగా ఆ సొమ్ము నష్టపోవుదురు. ఒకే టికెట్టుగా కొనుట క్షేమం. ఆపద వేళ బయలుదేరువారు ఆనాడు సర్వీసు ఉన్నదో లేదో ముందుగా విచారించుకొని, లేనిచో వెంటనే రైలు గాని రోడ్డు గాని ఎంచుకొనుట మేలు.