డాక్టరేట్ తరువాత: గుంటూరు, ప్రకాశం ప్రాంతాల భౌతిక, సాంకేతిక శాస్త్ర పరిశోధకుల దారులు

పీహెచ్.డి. ముగిశాక తరువాతి పరిశోధన ఎక్కడ, ఎవరి దగ్గర కొనసాగించాలన్నది తెలుగునాట కొత్త ప్రశ్న కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుండి 1946 వరకు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరు నుండి నడిచింది. ఆ సంస్థలో భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసినవారిలో కొచ్చెర్లకోట రంగధామరావు, సూరి భగవంతం ముఖ్యులు. రంగధామరావు లండన్‌లో ఫౌలర్ వద్ద, జర్మనీలో పాషెన్ వద్ద వర్ణపటశాస్త్రంలో కృషి చేసి వచ్చారు. భగవంతం 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ బృందంలో చేరారు. ఏ ప్రయోగశాలలో ఏ పని సాగుతోందో ముందుగా తెలుసుకోగలగడమే వారికి దారి చూపింది.

స్వామి జ్ఞానానంద ప్రస్థానం మరింత విలక్షణమైనది. పశ్చిమగోదావరిలోని గొరగనమూడిలో పుట్టి, సన్న్యసించి, ఐరోపా వెళ్లారు. ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటంపై పనిచేసి డాక్టరేట్ పొందిన తరువాత కూడా ఆయన ఆగలేదు. లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద బీటా కిరణాలపై, ఆపై అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధించారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1950లలో వాల్తేరులో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు. పోస్ట్ డాక్టోరల్ అనుభవం ఒక విభాగంగా ఎలా రూపుకడుతుందో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

1958లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ‘సైంటిస్ట్స్ పూల్’ ప్రధానంగా విదేశాల నుండి తిరిగివచ్చేవారికి తాత్కాలిక స్థానం కల్పించడానికి ఏర్పడింది. ఇక్కడే చదివి ఇక్కడే నిలిచినవారి సమస్య వేరు.

1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో స్నాతకోత్తర కేంద్రం తెరిచింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వెలిసింది. పత్తి, మిరప పండించే గ్రామాల విద్యార్థికి పీహెచ్.డి. ఇంటికి దగ్గరైంది. ఆ తరువాతి దశ మాత్రం దగ్గర కాలేదు. వడ్డేశ్వరంలో 1980లో, బాపట్లలో 1981లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాలలు, వాటి వెంట వచ్చినవి, అధ్యాపక ఉద్యోగాన్ని చేరువ చేశాయి. పెట్టుబడికి అప్పు తెచ్చే సేద్యపు కుటుంబానికి నెలజీతం ముందు రెండేళ్ల ఫెలోషిప్ నిలవడం కష్టం. దీనిని ఆశయలోపంగా చూడటం న్యాయం కాదు.

ఇంజనీరింగ్ వారి చిక్కు ఇంకొకటి. ఆ శాఖల్లో ఎం.టెక్. అర్హతతోనే సహాయాచార్య పదవి లభించేది కనుక, చాలామంది కొలువులో ఉంటూనే డాక్టరేట్ చేశారు. వారికి పోస్ట్ డాక్టోరల్ స్థానమంటే ఉన్న ఉద్యోగాన్ని వదులుకోవడమే. భౌతికశాస్త్ర పరిశోధకుడు ఖాళీ చేతులతో వెతుకుతాడు, ఇంజనీరింగ్ పరిశోధకుడు చేతిలోనిది పణంగా పెట్టి వెతుకుతాడు.

2015–16లో ఎస్.ఇ.ఆర్.బి. ప్రారంభించిన జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఈ లోటును కొంత తీర్చింది. కాలం రెండేళ్లు, సాధారణ వయఃపరిమితి 35. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలవారికి సడలింపు ఉంది. అయితే దరఖాస్తుదారు మార్గదర్శిని తానే వెతుక్కొని, ఆయన అంగీకారం, ఆతిథ్యసంస్థ ఆమోదం పొందాలి. అంటే రంగధామరావు కాలపు షరతు మారలేదు: ఎవరు ఏం చేస్తున్నారో తెలియాలి. ఒకే ఉత్తరాన్ని యాభైమందికి పంపడం కన్న, ఒక ఆచార్యుని ఇటీవలి పత్రాలు చదివి, ఆయన పరికరంతో తాను కొలవదలచినదేమిటో రెండు పేరాల్లో రాయడం ఫలిస్తుంది. సిద్ధాంతగ్రంథం సమర్పించి పట్టా కోసం ఎదురుచూస్తున్నవారికి కూడా ఆ పథకం తలుపు తెరిచింది. మౌఖికపరీక్ష ఆలస్యమయ్యే చోట, వయసు లెక్క దగ్గరపడిన పరిశోధకుడికి ఈ నిబంధన అన్నిటికన్న ముఖ్యమైనది.