ఇంటి ఫ్లైట్ సిమ్యులేటర్: ముల్లు మధ్యలోనే ఉన్నా రన్‌వే ఎందుకు కనిపించదు?

మేళ్లచెరువు (సూర్యాపేట జిల్లా): మేళ్లచెరువు, కోదాడ ప్రాంతానికి దగ్గర్లో ఉన్న పెద్ద విమానాశ్రయం గన్నవరం. ఆ తర్వాత శంషాబాద్. పైలట్ కావాలనుకునే పిల్లలు ఇంటి కంప్యూటర్‌లో ఈ రెండు చోట్ల విమానం దించి చూడాలనుకోవడం సహజం. ఒక్కోసారి డయల్‌లో ముల్లు మధ్యలోనే ఉంటుంది, కానీ మబ్బులు దాటి కిందికి వచ్చేసరికి ఎదురుగా రన్‌వే ఉండదు. అలాంటప్పుడు తప్పు నడిపేవాళ్లదే కానక్కర్లేదు. సిమ్యులేటర్‌లోని సమాచారం పాతదై ఉండొచ్చు.

ఐఎల్‌ఎస్ అంటే?

ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్‌లో రెండు రేడియో సంకేతాలుంటాయి. లోకలైజర్ రన్‌వే మధ్య గీతను, గ్లైడ్ స్లోప్ దిగాల్సిన వాలును చూపుతాయి. వాలు సాధారణంగా 3 డిగ్రీలు. అంటే ఒక నాటికల్ మైలుకు (1.85 కి.మీ.) సుమారు 318 అడుగులు దిగాలి. శంషాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 2,024 అడుగుల ఎత్తులో ఉంది. కాబట్టి రన్‌వేకు 10 నాటికల్ మైళ్ల దూరంలో విమానం దాదాపు 5,200 అడుగుల్లో ఉండాలి.

తేడా ఎక్కడ వస్తుంది?

పాత సమాచారం: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 2006లో వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అందుకే విడిగా ఏదీ జోడించకపోతే అందులో హైదరాబాద్ అంటే బేగంపేటే. నిజ జీవితంలో విమాన మార్గాల సమాచారం 28 రోజుల చక్రంలో మారుతుంది. ఆ చక్రాన్ని ఎయిరాక్ అంటారు.

మారిన రన్‌వే: గన్నవరం రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెంచారు. అది 2021లో వాడకంలోకి వచ్చింది. పాత డేటాలో పాత పొడవే ఉంటుంది. విమానం దిగే చోటు ఒక కిలోమీటరు జరిగితే, 3 డిగ్రీల వాలు మీద ఎత్తులో దాదాపు 170 అడుగుల తేడా వస్తుంది.

దిక్సూచి తేడా: భౌగోళిక ఉత్తరం, అయస్కాంత ఉత్తరం ఒకటి కావు. ఈ తేడా ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. సిమ్యులేటర్‌లో పాత లెక్క ఉంటే దిశ తప్పుతుంది. ఒక్క డిగ్రీ తప్పితే 60 నాటికల్ మైళ్లకు ఒక మైలు పక్కకు పోయినట్టే.

ఆల్టీమీటర్: గాలి పీడనం సరిగా పెట్టకపోతే ఒక్కో హెక్టోపాస్కల్‌కు 27 నుంచి 30 అడుగుల తేడా. పది తప్పితే దాదాపు 300 అడుగులు.

ఎలా సరిచూసుకోవాలి?

* ముల్లు జీపీఎస్‌ను అనుసరిస్తోందా, నావ్ రేడియోనా చూడండి. జీపీఎస్ మీదే ఉంటే ఐఎల్‌ఎస్ సంకేతం ముల్లుకు అందదు.
* ఫ్రీక్వెన్సీ పెట్టాక మోర్స్ గుర్తు వినండి. అసలు పైలట్లు కూడా ఇలాగే నిర్ధారించుకుంటారు.
* గ్లైడ్ స్లోప్‌ను కింది నుంచే అందుకోండి. పై నుంచి వస్తే తప్పుడు సంకేతం పట్టే ప్రమాదం ఉంది.
* భారత విమానాశ్రయాల చార్టులను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా తన ఏఐపీలో ప్రచురిస్తుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. సిమ్యులేటర్ డేటా, చార్టు ఒకే కాలానివి అయ్యుండాలి.

తల్లిదండ్రులకు

ముల్లు కుదరడం లేదని ఖరీదైన జాయ్‌స్టిక్, కొత్త కంప్యూటర్ కొనే ముందు డేటా తేదీ చూడండి. సమస్య అక్కడ ఉంటే కొత్త సామాను దాన్ని తీర్చదు.

ఇంకో సంగతి. డీజీసీఏ కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఇంటి కంప్యూటర్ మీద గడిపిన గంటలు లాగ్‌బుక్‌లోకి ఎక్కవు. ఎక్కుతాయని ఎవరైనా చెప్పి ఫీజు అడిగితే నమ్మొద్దు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి ఇంట పుట్టిన సయ్యదా సల్వా ఫాతిమా కూడా ఏవియేషన్ అకాడమీలో నిజమైన విమానం నడిపే లైసెన్స్ సాధించారు.

అలాగని ఇంటి సాధన వృథా కాదు. చార్టు చదవడం, ఎత్తు లెక్క వేయడం, ఒక్క ముల్లునే నమ్మకుండా రెండో ఆధారంతో పోల్చుకోవడం దానివల్ల అలవాటవుతాయి. ముల్లు ఒకటి, లెక్క ఇంకొకటి చెబితే దిగడం ఆపి, మళ్లీ పైకి లేచి చుట్టూ తిరిగి రావాలి. అసలు విమానంలోనూ పైలట్లు చేసేది అదే.