ఎత్తునకు పైయెత్తు: కోకిల, కాకి, ప్రత్తిపురుగు

సంస్కృతమున కాకికి ‘పరభృత్తు’ అనియు, కోకిలకు ‘పరభృతము’ అనియు పేళ్లు గలవు. మొదటిది పరులను పోషించునది; రెండవది పరులచే పోషింపబడినది. అమరకోశము చదివిన పెద్దలకు ఇవి పరిచితములే. కోకిల తన పిల్లలను ఇతర పక్షులచే పెంపించుకొనునని కాళిదాసుని శాకుంతలమున దుష్యంతుడు ఎత్తిపొడుచును. కావున సంగతి మనవారికి క్రొత్త కాదు. అది యెట్లు సాగుచున్నదో, దానినుండి గుంటూరు, ప్రకాశం సీమల రైతు గ్రహింపదగినదేమో నేడు మనవి చేసెదను.

వేసవిలో కాకి చెట్టుకొమ్మలలో గూడు కట్టును. కోకిల కూతయు ఆ కాలముననే హెచ్చును. నల్లని మగకోకిల గూటికడకు వచ్చి కాకులను కవ్వించి దూరముగా తరిమించుకొనుచుండగా, మచ్చలుగల ఆడుకోకిల గ్రుడ్డు పెట్టిపోవుటను పరిశీలకులు చూచియున్నారు. ఆ గ్రుడ్డు కాకిగ్రుడ్డుకంటె చిన్నది. కాని పచ్చని ఛాయ, గోధుమవన్నె చుక్కలు రెంటికిని ఇంచుమించు ఒకటే. కాకిగ్రుడ్డు పొదుగుటకు పదునారు, పదునేడు దినములు పట్టును. కోకిలగ్రుడ్డునకు పదుమూడు దినములు చాలును. ముందు పుట్టినది ముందు మేత తినును.

మరి కాకి ఊరకున్నదా? లేదు. కోకిల కంటబడినచో వెంటాడి పొడుచును. అయినను గూటిలోని పరాయి గ్రుడ్డును త్రోసివేయుట అరుదు. త్రోయబోయి తన గ్రుడ్డునే పోగొట్టుకొను ప్రమాదము గలదు. పైగా కోకిలపిల్ల కాకిపిల్లలను సాధారణముగా బయటికి నెట్టదు. ఐరోపా కోకిలపిల్ల అట్లు కాదు. అది గూటిలోని వానినన్నిటిని వీపుతో ఎత్తి నెట్టివేయునని ఎడ్వర్డు జెన్నరు 1788లో లోకమునకు తెలిపెను. అంత నష్టమున్నచోట పైయెత్తును అంత గట్టిది. ఇంగ్లండులో కొన్ని జాతుల పిట్టలు రంగు కలియని గ్రుడ్డును పారవేయును. ఆ కోకిల లేని ఐస్లాండులో వాని జాతి పిట్టలే గ్రుడ్లను అంతగా వేరుపరుపవు. గుర్తుపట్టగల పిట్టకే సంతానము మిగులును. ఆ పిట్టను మోసగించు కోకిలకే వంశము నిలుచును. తరతరములుగా సాగు ఈ పోటీని పండితులు ఆయుధముల పోటీతో పోల్చిరి.

ఇట్టి పోటీయే మన ప్రత్తిచేలలోను జరిగినది. 1980 తరువాత వచ్చిన పైరిత్రాయిడ్ మందులు మొదట శనగపచ్చ పురుగును చక్కగా చంపినవి. రైతులు మరల మరల అదే మందు చల్లిరి. మందునకు లొంగు పురుగులు చచ్చినవి. లొంగని కొలది పురుగులే పిల్లలను పెట్టినవి. 1987–88 పంటకాలమున మందు పని చేయలేదు. పురుగు మందును తట్టుకొనుచున్నదని పరీక్షలలో తేలినది. పంట పోయి, అప్పు మిగిలి, ఈ సీమలలో పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖమును చూచినవారు మీలో నేటికిని ఉన్నారు.

2002లో బీటీ ప్రత్తి వచ్చినది. పురుగును చంపు గుణము మొక్కయందే చేర్చిరి. ఆ విత్తనపు సంచితో 120 గ్రాముల మామూలు ప్రత్తివిత్తనమును కూడ ఇచ్చి, చేని చుట్టును వేయుమనిరి. అందు బ్రదికిన, లొంగు గుణముగల పురుగులు లొంగని వానితో జతకూడి, ఆ మొండితనమును పలుచన చేయునని దాని తాత్పర్యము. చాలమంది ఆ విత్తనమును నాటక పారవేసిరి. ఫలితము వేచియుండలేదు. గులాబిరంగు పురుగు ఆ గుణమును తట్టుకొన్నదని గుజరాతునుండి 2010లో ప్రకటన వచ్చినది; పిమ్మట ఇతర సీమలలోను కనబడినది.

కాకి కోకిలను నిర్మూలింపలేదు. కోకిల కాకిని నశింపజేయలేదు. పురుగుతో మన పోరును అట్టిదే. ఒకే మందును నమ్మినవాడు ఆ మందునకు లొంగని పురుగును తానే పెంచుచున్నాడు. మందులు మార్చుట, పైరు మార్చుట, చేని అంచున మామూలు ప్రత్తిని విడుచుట, ఇవి మన పైయెత్తులు. ఈ మాట మీ ఇండ్లలో చేను చూచుకొను పిన్నలకు చెప్పవలసినదిగా పెద్దలను ప్రార్థించుచున్నాను.