కాలికి కొలత ఎక్కడిది?

కుడికాలు, ఎడమకాలు విడివిడిగా పెరిగినా చివరకు సమానమవుతాయి. ఆ కొలత ఎక్కడ ఉన్నది?

అమెరికాలో రాస్ హారిసన్ ఈ ప్రశ్నను సాలమాండర్లనే తోకగల ఉభయచరాలలో పరీక్షించినాడు. పులి సాలమాండర్ పెద్దది, త్వరగా పెరిగేది. చుక్కల సాలమాండర్ చిన్నది. పిండదశలోనే వాటి ముందుకాలి మొలకలను తారుమారు చేసి అతికినాడు. పెద్దజాతి కాలు చిన్న దేహంపై కూడా పెద్దదిగానే పెరిగినది. చిన్నజాతి కాలు పెద్ద దేహంపై చిన్నదిగానే నిలిచినది. 1924లో ప్రకటించిన వ్యాసం శీర్షికలోనే ఆయన వీటిని అనుకోని ఫలితాలన్నాడు. కొలత చాలవరకు కాలిలోనే ఉన్నదన్నమాట!

అట్లని అవయవాలు ఒకదాని సంగతి ఒకటి ఎరుగనివి కావు. పండ్ల ఈగ లార్వాలో రెక్క కాబోయే కణజాలం దెబ్బతింటే, అది డిల్ప్ 8 అనే ప్రోటీనును వెలువరిస్తుందని 2012లో తేలినది. ఆ కబురుతో రూపపరివర్తన హార్మోను విడుదల ఆలస్యమవుతుంది. తక్కిన అవయవాల పెరుగుదల మందగిస్తుంది. ఈలోగా వెనుకబడినది అందుకొంటుంది.