శనివారపు ఎదురుచూపు
(అమెరికాలోని చిన్న సంఘ కళాశాలలు – వాటి ఫుట్‌బాల్ ఆట)

ఒక సంఘము యొక్క నూరేండ్ల చరిత్ర వ్రాయునప్పుడు మనము కట్టిన మందిరములను, నెలకొల్పిన బడులను, ఆసుపత్రులను, వాటిలో పనిచేసిన దొరలను, దొరసానులను, దేశీయ గురువులను పేర్కొంటాము. ఆ బడుల పిల్లలు సాయంకాలము ఏ ఆట ఆడారు, దానిని చూడడానికి ఊరిలో నుండి ఎవరెవరు వచ్చారు అనే సంగతి మాత్రము ఎక్కడా కనబడదు. అయితే ఒక విద్యాలయము తన ఊరివారి హృదయములో ఎంత లోతుగా వేరు పాతుకొన్నదో తెలిసికొనడానికి ఆట మైదానము కూడ ఒక మంచి కొలబద్ద. ఈ మాట నిజమని చూపడానికి అమెరికాలోని చిన్న క్రైస్తవ కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రను, అందులోను నాకౌట్ ఆటల కొరకు అక్కడి అభిమానులు ఎదురుచూచే తీరును ఈ వ్యాసములో సంఘస్థుల ముందు ఉంచుచున్నాను.

ఈ కళాశాలలు మనకు బొత్తిగా పరాయివి కావు. 1842లో ఫాదర్ హయ్యరుగారిని గుంటూరుకు పంపినవారు అమెరికా లూథరన్లు. ఆ లూథరన్లే 1845లో ఒహాయో రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డులో ఒక కళాశాల పెట్టి, లూథరు పనిచేసిన జర్మను పట్టణము పేరు మీదుగా దానికి విట్టెన్‌బర్గ్ అని పేరు పెట్టుకొన్నారు. మరుసటి యేడు, 1846లో, అదే రాష్ట్రములోని అలయన్స్ పట్టణములో మెథడిస్టువారి మౌంట్ యూనియన్ కళాశాల మొదలైనది. మిన్నెసోటా అడవులలో బెనెడిక్టు సభకు చెందిన సన్యాసులు 1857లో సెయింట్ జాన్స్ స్థాపించారు. స్వీడను దేశము నుండి వలస వచ్చిన లూథరన్లు 1860లో అగస్టానా కళాశాల స్థాపించి, ఔగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము పేరునే దానికి పెట్టారు. గురువులను, ఉపాధ్యాయులను తయారుచేయడానికి పుట్టిన విద్యాలయములివి. ఇట్టి చోట్ల ఫుట్‌బాల్ ఎట్లు ప్రవేశించినదో చూతము.

ముందుగా ఒక మాట. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు తోలుబంతిని చంకలో ఇరికించుకొని పరుగెత్తుతూ, లేదా తోటి ఆటగానికి విసరుతూ, నూరు గజముల మైదానములో ప్రత్యర్థి గీత దాటవలెను. ఒక్కొక్క పక్షమున పదకొండుగురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు పోలేకపోతే బంతి ఎదుటివారికి పోతుంది. అడ్డగించి పడద్రోయుట ఈ ఆటలో ధర్మమే. అందుచేతనే తలకు హెల్మెట్లు, భుజములకు మెత్తలు.

ఈ ఆటకు పెద్దగా ఎంచబడినవారిలో అమోస్ అలొంజో స్టాగ్ ఒకరు. 1862లో జన్మించిన ఈయన ప్రెస్బిటేరియను పాదిరి కావలెనని యేల్ విశ్వవిద్యాలయములో వేదాంత విద్య చదివాడు. ప్రసంగ పీఠము తనకు తగదని తోచి, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పేరే గల మరొక ఊరిలో, మసాచుసెట్స్ రాష్ట్రమునందలి వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్లాడు. బాస్కెట్‌బాల్ ఆటను 1891లో కనిపెట్టిన నైస్మిత్ అక్కడ ఆయన సహోపాధ్యాయుడు. 1892లో యేల్ గురువైన హార్పర్ పండితుడు పిలువగా స్టాగ్ చికాగో విశ్వవిద్యాలయమునకు వెళ్లి నలుబదేండ్లు ఫుట్‌బాల్ నేర్పాడు. పీఠము విడిచినవాడు మైదానమును తన పరిచర్యగా ఎంచుకొన్నాడన్నమాట. 1965లో, నూట రెండేండ్ల వయస్సులో, ఆయన కన్నుమూశాడు.

ఆట వ్యాపించిన కొలది ప్రమాదములు కూడ పెరిగినవి. 1905లో ఒక్క యేడాదిలోనే పదిమందికి పైగా యువకులు ఈ ఆటలో ప్రాణములు కోల్పోగా, ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కళాశాలలవారిని వైట్‌హౌసుకు పిలిపించి మాట్లాడాడు. నియమములు మార్చడానికి 1906లో ఒక సంఘము ఏర్పడినది. అదే తరువాత ఎన్.సి.ఎ.ఎ. అనే పేరుతో దేశములోని కళాశాలల క్రీడలకు పెద్ద దిక్కయినది.

కాలక్రమమున పెద్ద విశ్వవిద్యాలయములలో ఈ ఆట ధనముతో కూడిన వ్యవహారమైనది. లక్షమంది కూర్చొనే స్టేడియములు, ఆటగాండ్రకు స్కాలర్‌షిప్పులు వచ్చినవి. చిన్న కళాశాలలు వారితో పోటీపడలేవు. 1939లో స్టాగ్ పనిచేసిన చికాగో విశ్వవిద్యాలయమే ఫుట్‌బాల్ మానుకొన్నది. ఈ చిక్కును తీర్చడానికి 1973లో ఎన్.సి.ఎ.ఎ. తన సభ్య సంస్థలను మూడు డివిజన్లుగా విభజించినది. మూడవ డివిజనుకు ఒక గట్టి నియమము కలదు: ఆట ఆడుతున్నాడని ఎవరికీ స్కాలర్‌షిప్పు ఇవ్వరాదు. అక్కడి కుర్రవాడు ఉదయము రసాయన శాస్త్ర పరీక్ష వ్రాసి సాయంకాలము బురదలో దొర్లుతాడు. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయుడో, వైద్యుడో, పాదిరియో అవుతాడు. ఆటవలన జీతము రాదని అతనికి తెలుసు, అతని తల్లిదండ్రులకు తెలుసు. నలుబదేండ్ల తరువాత చికాగో తిరిగి ఆట మొదలుపెట్టలేదు సుమా, ముప్పది యేండ్లకే, 1969లో, మొదలుపెట్టి ఈ డివిజనులోనే చేరినది.

ఆ 1973లోనే మూడవ డివిజను విజేతను తేల్చే ఆటలు ఆరంభమైనవి. కడపటి ఆటకు స్టాగ్ బౌల్ అని, ఆ పాత వేదాంత విద్యార్థి పేరే పెట్టారు. అలబామా రాష్ట్రములోని ఫీనిక్స్ సిటీలో జరిగిన మొదటి ఆటలో విట్టెన్‌బర్గ్ 41–0తో జునియాటా కళాశాలను ఓడించినది. తరువాత 1983 నుండి 1986 వరకు వరుసగా నాలుగేండ్లు అగస్టానా గెలిచినది. 1993 మొదలు 2017 వరకు మౌంట్ యూనియన్ పదమూడు మారులు గెలిచినది.

ఇక అభిమానుల సంగతి. మొదటి రెండేండ్లు నాలుగు జట్లకే అవకాశము. 1975లో ఎనిమిది, 1985లో పదహారు, 1999లో ఇరువది యెనిమిది, 2005లో ముప్పది రెండు, 2024లో నలుబది – ఇట్లు సంఖ్య పెరుగుతూ వచ్చినది. నవంబరు మధ్యలో ఒక ఆదివారమున ఎవరు ఎవరితో ఆడవలెనో ప్రకటిస్తారు. ఆ ప్రకటనకు వారము ముందునుండే అభిమానుల లెక్కలు మొదలవుతవి. ఎవరు ఎవరిని ఎన్ని పాయింట్లతో ఓడించారు? మనలను ఓడించినవాడు వారి చేతిలో ఓడినాడా? వీటితోబాటు మరొక లెక్క కూడ ఉన్నది. అది మన బస్సు ప్రయాణీకులకు చక్కగా అర్థమవుతుంది. దూరమెంత? విమాన ఖర్చు తగ్గించడానికి, ఇంచుమించు ఐదు వందల మైళ్ల లోపు జట్లను బస్సులో పోగలిగినట్లు జతపరచుట చాలా కాలము ఆచారముగా నడిచినది. అందుచేత ఆ ఆదివారము ముందు అభిమానులు పటములు ముందు వేసికొని మైళ్లు కొలుస్తారు. పెద్ద విశ్వవిద్యాలయముల అభిమానులు ఏ మహానగరములో కడపటి ఆట అని అడుగుతారు. వీరు మన బస్సు ఎన్ని గంటలకు చేరుతుంది అని అడుగుతారు.

ఈ ఆటలు కృతజ్ఞతార్పణ పండుగ రోజులలోనే వస్తవి. నవంబరు నాలుగవ గురువారము పండుగ, దాని తరువాతి శనివారము ఆట. దూరపు ఊళ్లలో ఉద్యోగములు చేసికొనే బిడ్డలు ఇంటికి వస్తారు. కోతకాలపు పండుగకు మన ఊళ్లలో బంధువులు చేరినట్లే అనుకోండి. జట్టు గెలిస్తే వచ్చే శనివారము మరొక ఆట, ఓడితే ఆ యేటికి సరి. పైగా నాలుగవ సంవత్సరపు విద్యార్థికి అదే జీవితములో ఆఖరి ఆట కూడ కావచ్చును. మెట్ల మీద దుప్పటి కప్పుకొని కూర్చున్న తల్లికి ఆ సంగతి తెలుసు. అందుచేతనే ఆ ఎదురుచూపులో సంతోషముతోబాటు కొంచెము గుబులు కూడ ఉంటుంది.

ఇట్టి ఎదురుచూపులలో పేరెన్నికగన్నది 2003 డిసెంబరు 20న వర్జీనియా రాష్ట్రములోని సేలములో జరిగిన స్టాగ్ బౌల్. ఒక వైపు మౌంట్ యూనియన్. 1996 సీజను ఆరంభము నుండి ఆ రోజు వరకు ఆడిన 110 ఆటలలో వారు ఓడినది ఒక్కటే. అప్పటికి వరుసగా 55 గెలిచి ఉన్నారు. రెండవ వైపు బెనెడిక్టు సన్యాసుల సెయింట్ జాన్స్. వారి కోచ్ జాన్ గగ్లియార్డి వయస్సు 77. హైస్కూలులో చదివేటప్పుడు, 1943లో, తమ కోచ్ యుద్ధమునకు పిలువబడగా, పదహారేండ్ల వయస్సులోనే ఆ పని నెత్తికెత్తుకొన్న మనిషి. 1953లో సెయింట్ జాన్స్‌కు వచ్చి మరి కదలలేదు. ఆయన పద్ధతులు విచిత్రమైనవి. ఈల లేదు. తనను కోచ్ అని పిలువనియ్యడు, జాన్ అనవలసినదే. అన్నిటికంటె ముఖ్యమైనది, అభ్యాసములో ఒకరినొకరు పడద్రోసికొనరాదు. ఎముకలు విరుగగొట్టుకొనకుండ ఆట నేర్పవచ్చునని ఆయన తన జీవితముతో నిరూపించాడు. ఆ నవంబరులోనే 409వ విజయముతో కళాశాల ఫుట్‌బాల్ కోచ్‌లందరిని మించిపోయాడు.

మిన్నెసోటా నుండి సేలము వెయ్యి మైళ్లకు పైమాట. అక్కడ గెలుపు సెయింట్ జాన్స్‌దే, 24–6. గగ్లియార్డి 2012లో విరమించునాటికి 489 విజయములు సాధించాడు. 2018లో మరణించాడు.

అయితే ఈ కథలో విచారకరమైన భాగము కూడ కలదు. సెయింట్ జాన్స్‌కు బద్ధ ప్రత్యర్థి సెయింట్ థామస్, అది కూడ కథోలికుల కళాశాలయే. 1901 నుండి ఈ రెండు జట్లు తలపడుతూ వచ్చినవి. 2017లో వారి ఆట చూడడానికి 37,355 మంది వచ్చారు. అంతమంది మూడవ డివిజను ఆటకు అంతకు ముందెన్నడు రాలేదు. అదే యేడు సెయింట్ థామస్ తన లీగులోనే ఉన్న లూథరన్ కళాశాల సెయింట్ ఓలాఫ్‌ను 97–0తో ఓడించినది. గెలిచినవారికైనను అందులో సంతోషమేమున్నది? 2019లో లీగులోని మిగిలిన కళాశాలలు సెయింట్ థామస్ తమకు మించి పెరిగిపోయినదని చెప్పి దానిని వెలుపలికి పంపివేసినవి. 2021లో అది మొదటి డివిజనుకు పోయినది. చిన్నవారి బాధ నిజమే. అయితే నూరేండ్లకు పైబడిన ఎదురుచూపు కూడ దానితో పోయినది. సమానుడైన ప్రత్యర్థి ఉన్నప్పుడే ఆట ఆట అవుతుంది. ఎదుటివాడు శత్రువు కాడు, మనకు పండుగ తెచ్చేవాడు. అతడు లేని శనివారము వట్టి శనివారమే.

దీనికంటె కఠినమైన సంగతి ఒకటి ఉన్నది. విద్యార్థులు తగ్గి, అప్పులు పెరిగి, చిన్న సంఘ కళాశాలలు ఒకటొకటిగా మూతపడుచున్నవి. ఇల్లినాయిలో మెథడిస్టులు 1846లో పెట్టిన మెక్‌మర్రీ కళాశాల 2020లో మూసివేయబడినది. అలబామాలో మెథడిస్టువారిదే అయిన బర్మింగ్‌హామ్ సదరన్ కళాశాల 2024 మే 31న మూతపడినది. సరిగ్గా ఆ రోజుననే దాని బేస్‌బాల్ జట్టు మూడవ డివిజను కడపటి పోటీలలో ఆడుచున్నది. తమ కళాశాల ఇక లేదని తెలిసి కూడ ఆ కుర్రవారు మైదానములోనికి దిగారు. వారి వెనుక పూర్వ విద్యార్థులు ప్రయాణము చేసి వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. కట్టడములకు తాళము వేసిన తరువాత కూడ ఎదురుచూచేవారు మిగిలి ఉన్నారంటే ఆ కళాశాల నిజముగా ఎవరిలో ఉండెనో తెలుస్తున్నది గదా!

ఈ చరిత్ర మనకు చెప్పే సంగతి ఒక్కటే. ఏ సంస్థనైనను ఆస్తి ఒక్కటే నిలబెట్టదు. దాని కొరకు శనివారము కనిపెట్టుకొని ఉండే జనము నిలబెడతారు. ఆ జనము బిరుదులకొరకు రారు, డబ్బుకొరకు రారు. ఆడేవాడు తమ వాడు గనుక వస్తారు. మన మిషను హైస్కూళ్లకు, హాస్టళ్లకు, కళాశాలలకు కూడ అట్టి జనము ఉండిరి. ఏ యేడు ఏ ఊరి జట్టు వచ్చినది, ఎవరు గెలిచారు, వచ్చినవారికి అన్నము ఎవరి యింట వండారు అనే సంగతులు మన పెద్దల నోట ఇంకను ఉన్నవి. వారు మన మధ్య ఉన్నప్పుడే, ప్రతి సంఘములోని యువజనులు ఒక నోటు పుస్తకము తీసికొని, వారి దగ్గర కూర్చుండి, వాటిని వ్రాసికొనవలెనని నా మనవి. రెండవ శతాబ్దపు సంచిక వ్రాసేవారికి ఆ పుస్తకములు అక్కరకు వస్తవి.