శీతాకాలంలో గుర్రాల సంరక్షణ

మంచు కురిసే శీతల దేశాలలో చలి నెలలందు గుర్రాలకు తగిన మేత, నీరు, వసతి సమకూర్చి, వాటిని రోగాల బారిన పడకుండా కాపాడటాన్ని శీతాకాలపు అశ్వసంరక్షణ అనవచ్చును. ఒళ్ళు పొడిగా ఉండి, కడుపునిండా మేత ఉన్న గుర్రం మనిషి ఊహించినదానికంటె ఎక్కువ చలిని తట్టుకొంటుంది. ఈ కాలంలో నీరు తక్కువగా త్రాగడం వలన కలిగే అపాయం తరచు చలికంటె పెద్దది.

శరీరపు ఏర్పాటు

పగటి నిడివి తగ్గుతున్న కొద్దీ గుర్రానికి దట్టమైన రోమాలు పెరుగుతాయి. చలి సోకగానే ఇవి నిక్కబొడుచుకొని, వాటి నడుమ నిలిచిన గాలి పొర శరీరపు వేడిని బయటకు పోనీయదు. వేసవి రోమాలు గల గుర్రానికి సుమారు 5 డిగ్రీల సెల్సియస్, శీతాకాలపు రోమాలు గల గుర్రానికి సుమారు -15 డిగ్రీల వరకు వేడి నిలుపుకొనడానికి అదనపు శక్తి అవసరం కాదు. అయితే తడిసిన రోమాలు అణగిపోయి గాలి పొర నశిస్తుంది. కనుక పొడి మంచుకంటె ఈదురుగాలితో కూడిన చలివానయే ఎక్కువ హానికరము. సైబీరియాలోని యాకుత్ జాతి గుర్రాలు -60 డిగ్రీల చలిలో సైతం ఆరుబయటనే ఉండి, గిట్టలతో మంచును త్రవ్వి గడ్డి మేస్తాయి. ఆ సహనం ఆ జాతిది. అన్ని గుర్రాల నుండి ఆశించరాదు.

మేత

గుర్రానికి వెచ్చదనమిచ్చేది ముఖ్యంగా ఎండుగడ్డి. ఇందులోని పీచు అంధనాళంలోను, పెద్దప్రేగులోను సూక్ష్మజీవుల వలన పులిసినపుడు వేడి పుడుతుంది. రోజుకు శరీరపు బరువులో 1.5 నుండి 2 శాతం, అనగా 500 కిలోల గుర్రానికి 7.5 నుండి 10 కిలోల మేత సాధారణ అవసరం. పైన చెప్పిన హద్దుకు దిగువన ప్రతి డిగ్రీకి ఆహారశక్తిని సుమారు 2.5 శాతం పెంచవలెను. చలి ముదిరినపుడు దాణా పెంచడం చాలామంది చేసే పని. ధాన్యం శక్తినిస్తుంది కాని గడ్డి అంత వేడిని పుట్టించదు. ఒక్కసారిగా పెంచితే కడుపునొప్పి వస్తుంది. ఉలవలకు ఆంగ్లంలో హార్స్ గ్రామ్ అని పేరున్నా, ఈ విషయంలో అవీ గడ్డికి సాటిరావు.

గుబురు రోమాల క్రింద గుర్రం చిక్కిపోయినా కంటికి కనబడదు. అందుచేత తరచు ప్రక్కటెముకలపై చేయి వేసి నొక్కి చూడవలెను. 1983లో హెన్నెకె బృందం ప్రకటించిన 1 నుండి 9 వరకు గల కొలమానంలో 5 మధ్యస్థం. ఆ స్థితిలో ఎముకలు కంటికి కనబడవు, చేతికి సులభంగా తగులుతాయి.

నీరు

500 కిలోల గుర్రం రోజుకు సుమారు 25 నుండి 45 లీటర్ల నీరు త్రాగుతుంది. పచ్చికలో నీరు ఎక్కువ, ఎండుగడ్డిలో చాలా తక్కువ. కనుక పచ్చిక మాని ఎండుగడ్డికి మారిన గుర్రం మరింత త్రాగవలసి ఉండగా, తొట్టిలో నీరు మరీ చల్లబడితే త్రాగడం తగ్గిస్తుంది. అప్పుడు మేత ప్రేగులో గట్టిపడి అడ్డుపడుతుంది. ఈ శూల ప్రాణాంతకం కావచ్చును. మేత మానడం, లద్దె తగ్గడం, కాలితో నేలను గీరడం, మాటిమాటికి పొట్టవైపు చూడడం, పొర్లడం దీని లక్షణాలు. ఇవి కనబడితే ఆలస్యం చేయక పశువైద్యుని పిలువవలెను.

గుర్రం మంచు తిని దాహం తీర్చుకొంటుందని పెంపుడు గుర్రాన్ని వదలివేయరాదు. మంచు కరిగితే వచ్చే నీరు స్వల్పం. దానిని కరిగించడానికి శరీరపు వేడి ఖర్చవుతుంది. తొట్టిలో గడ్డకట్టిన పొరను రోజూ పగులగొట్టడం, గోరువెచ్చని నీరు పోయడం, నాకడానికి ఉప్పు ఉంచడం మంచిది.

శాల, కంబళి

చలికి జడిసి అశ్వశాల తలుపులు, కిటికీలు బిగించడం మేలుకన్న కీడే ఎక్కువ చేస్తుంది. మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, గడ్డి ధూళి, తేమ చేరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మూడు వైపుల గోడలు, పైకప్పు గల పాక చాలా గుర్రాలకు సరిపోతుంది. ముసలివి, జబ్బుపడినవి, బక్కచిక్కినవి, రోమాలు కత్తిరించినవి, వెచ్చని ప్రాంతం నుండి క్రొత్తగా వచ్చినవి అయిన గుర్రాలకు కంబళి అవసరం. తడిసిన కంబళి కప్పడం కంటె కప్పకుండుటే నయం. రోజూ కంబళి తీసి, ఒరిపిడి పుండ్లు ఉన్నవేమో చూడవలెను.

గిట్టలు

లాడం వేసిన గిట్టల అడుగున మంచు ముద్దకట్టి గుర్రం జారిపడే ప్రమాదం కలదు. రోజూ గిట్టలు శుభ్రపరచి, చలికాలంలో అవి నిదానంగా పెరిగినప్పటికీ సుమారు 6 నుండి 8 వారాలకొకసారి చెక్కించవలెను.