బానెట్ కింద బకెట్ల కథ

మన కుక్కర్ పిడికీ, పాత కార్ల ఇంజన్లో ఉండే డిస్ట్రిబ్యూటర్ మూతకీ దగ్గర చుట్టరికం ఉందండీ. రెండూ బేకలైట్ బిడ్డలే. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ 1907లో తయారుచేసిన పదార్థం అది. వేడికి కరగదు, కరెంటు పట్టదు. అందుకే ఇటు పొయ్యి మీదికీ, అటు ఇంజన్లోకీ ధైర్యంగా వెళ్ళింది.

వంటలూ పిల్లలూ అంటూ రాసుకునే నేను ఇంజన్ గొడవలోకి దిగానేమిటని అనుకోకండి. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే రామాయణం. మా మామయ్యగారు 1995లో కొన్న మారుతి 800 ఉంది. తెల్లది, ఏపీ 16 నంబరు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ఒకప్పుడు 600 రూపాయలతో పోయేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. "పదివేలు పోసి ఈ డొక్కుని ఎందుకమ్మా ఉంచుకోవడం" అని మా ఆయన. అత్తయ్యగారు మాట్లాడలేదు. పాత సామాన్ల అతన్ని పిలిస్తే, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఇనుముకి ఇంత, అల్యూమినియానికి ఇంత అని లెక్క చెప్పాడు. బానెట్ ఎత్తి చూసి, "ఈ ప్లాస్టిక్ సీసాలకి లెక్క లేదమ్మా" అన్నాడు. ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

లెక్కలేని ఆ సీసాలు అక్కడికి ఎలా వచ్చాయో చెప్తాను.

నా చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళికి కారంటే అంబాసిడరే. ఉత్తరపారాలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన బండి. బానెట్ ఎత్తితే ఇనుము, ఇత్తడి, రాగి, రబ్బరు. రేడియేటర్ రాగీ ఇత్తడీ కలిపి చేసినది. నీళ్ళు వేడెక్కి పొంగితే ఒక సన్న గొట్టంలోంచి రోడ్డు మీదికి పోయేవి. అందుకే డ్రైవర్లు డిక్కీలో డబ్బాతో నీళ్ళు పెట్టుకుని, దారిలో చెరువు కనిపిస్తే ఆపేవారు.

రేడియేటర్ మూత పనితనం మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అది కుక్కర్ విజిలూ గాస్కెట్టూ కలిసినది. మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల లోపలి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 120 దాకా ఓర్చుకుంటాయి. మరీ ఎక్కువైతే మూతలోని స్ప్రింగు లేచి కాసిని నీళ్ళు బయటికి వదులుతుంది. ఆ వదిలిన నీళ్ళని పారబోయకుండా పట్టుకుని, ఇంజన్ చల్లారాక మళ్ళీ లోపలికి పీల్చుకునేలా చేసిందే ఆ తెల్ల ప్లాస్టిక్ సీసా. ఒలికిపోయే గంజిని గిన్నెలో పట్టి మళ్ళీ వాడుకున్నట్టే. రోడ్డు పక్కన చెరువు వెతుక్కునే రోజులు పోవడంలో ఆ సీసాకీ వాటా ఉంది.

సీసా చేసిన సరుకు పాలీప్రొపిలీన్. 1954లో మిలన్‌లో జూలియో నాటా అనే శాస్త్రవేత్త తయారుచేశాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. 1973లో చమురు ధరలు మండిపోయాక కార్ల కంపెనీలన్నీ బరువు తగ్గించే పనిలో పడ్డాయి. ఇనుము ఉన్నచోటల్లా ప్లాస్టిక్ పెట్టొచ్చా అని వెతికాయి. ఆ తరం బండి మన దేశంలో 1983 డిసెంబరు 14న గుర్‌గావ్‌లో బయటికొచ్చింది, మారుతి 800 అనే పేరుతో. 2014 జనవరి దాకా చేశారు, పాతిక లక్షలకు పైగా.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే మన ఇళ్ళలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఇత్తడి బిందెలు వేసి స్టీలు సామాను తీసుకున్నాం. నూతి దగ్గర ఇనప బకెట్ పోయి ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. పిండి జాడీ పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. బానెట్ కింద జరిగిందీ వంటింట్లో జరిగిందీ ఒకటే చరిత్ర. కాకపోతే మొదటిదాన్ని మగవాళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారు, రెండోదాన్ని ఎవరూ రాయలేదు.

ఇత్తడి గిన్నెకి చిల్లు పడితే మాటు వేసేవాడు ఉన్నాడు, కళాయి పోతే పూసేవాడు ఉన్నాడు. లోహం ఏది విరిగినా చేసిపెట్టే చేతులు ఊళ్ళోనే ఉండేవి. విజయవాడ ఆటోనగర్ 1960ల్లో మొదలైంది ఆ చేతుల మీదే. లేతు మీద ఏ ఇనప భాగమైనా తిప్పి ఇస్తారక్కడ. ప్లాస్టిక్ అలాంటిది కాదు. అచ్చులోంచి ఒక్క క్షణంలో ఊడిపడుతుంది, ఆ అచ్చుకి లక్షలవుతాయి. కంపెనీ అచ్చు పక్కన పడేస్తే ఆ భాగానికి అక్కడితో నూరేళ్ళూ నిండినట్టే. పాత కార్ల పోటీల్లో మిలమిల మెరిసే ఇత్తడికి చప్పట్లు కొడతారు గానీ, నిజంగా దొరకనిది ప్లాస్టిక్. జపాన్‌లో నిస్సాన్ కంపెనీ 2017లో తన పాత స్కైలైన్ కార్లకి ఆగిపోయిన భాగాలు మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టింది. మన మారుతికి ఇంకా ఆ కష్టం రాలేదు, నకలు సీసా ఏ కొట్లోనైనా దొరుకుతుంది. మా మెకానిక్ అదే అన్నాడు, "తీసి పారేసి కొత్తది వేస్తానండీ, టిఫిన్ ఖర్చంత కాదు."

అప్పుడు నోరు విప్పారు మా అత్తయ్యగారు. "దాని మీద గీత ఉంది చూడమ్మాయ్" అన్నారు.

ఆ సీసా మీద ఫుల్, లో అని ఇంగ్లీషులో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. మామయ్యగారికి తొందర. వేసవిలో తెల్లారగట్ల నూజివీడు వైపు తోటకి బయల్దేరేవారు, వెనక సీటు నిండా ఖాళీ బుట్టలు, వచ్చేటప్పుడు చిన్న రసాలు. నీళ్ళు చూసుకోకుండా వెళ్ళి ఒకసారి ఇంజన్ కాగిపోయాక ఆ పని అత్తయ్యగారిది అయింది. రోజూ వాకిలి చిమ్మి, ముగ్గు పెట్టి, బానెట్ ఎత్తి నీళ్ళు చూడడం. ఆనవాలుకి గోళ్ళరంగుతో ఎర్ర గీత గీస్తే వారానికే పొలుసులా లేచిపోయేదట. చివరికి గోతాలు కుట్టే దబ్బనం కాల్చి, సీసా మీద సన్నగా గాడి గీసి అందులో రంగు నింపారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ ఉంది. కారు ఒక్కరోజూ నడపని మనిషి ఇంజన్‌లో చేసిన పని అది.

గోళ్ళరంగు ఎందుకు నిలవలేదో తర్వాత తెలిసింది. పాలీప్రొపిలీన్‌కి ఏదీ అంటదు. చేమాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. రంగులూ బంకలూ అన్నీ అంతే.

మా సీసా పసుపుపచ్చగా మారి, లోపల తుప్పు మరకలు, బోరు నీళ్ళ తెల్లటి గార పట్టి ఉంది. మెడ దగ్గర బెత్తెడు పగులు. వర్క్‌షాపు పద్ధతేమిటంటే గరుకు కాగితంతో రుద్ది, పైన సిలికాన్ స్ప్రే కొట్టడం. రుద్దితే గీత పోతుంది. అందుకని వంటింటి దారిలో వెళ్ళాం. ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వంట గిన్నెలు వాడకండి, కుక్కలూ దూడలూ తిరిగేచోట పారబోయకండి.

గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు, గుప్పెడు బియ్యం వేసి సీసా మూత బిగించి ఊపాం. మూతి సన్నగా ఉన్న పాల సీసాలు మనం కడిగినట్టే. గారకీ తుప్పుకీ నిమ్మఉప్పు నీళ్ళు ఒక రాత్రంతా. పొద్దున్నకి లోపల శుభ్రం. పసుపు రంగు మాత్రం పూర్తిగా పోలేదు. పసుపు మరక పడ్డ డబ్బాని ఎండలో పెడితే తెల్లబడుతుంది కదా, ఇదీ పెడదామన్నాను. మావాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, నవ్వి వివరం చెప్పాడు. పసుపులోని కర్క్యుమిన్ ఎండకి విరిగిపోతుంది. సీసా పచ్చదనం అలా పైన పడ్డ మరక కాదు, వేడికీ ఎండకీ ప్లాస్టికే ముసలిదవడం. తయారీలో కలిపిన రక్షణ మందు అయిపోయాక, ఎండే దాన్ని పొడి చేస్తుంది. వేలితో రాస్తే ముగ్గుపిండిలా వస్తుంది చూశారా, అది. 2008 ప్రాంతంలో పాత కంప్యూటర్లు పోగుచేసేవాళ్ళు హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరచడం కనిపెట్టారు. అది ఏబీఎస్ అనే రకానికి పనిచేస్తుంది, దీనికి కాదు. ముసలితనం రంగు ఉంటే ఉండనీ అన్నాను.

ఏ ప్లాస్టిక్కో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. బకెట్ నీళ్ళలో ముక్క వేయండి. తేలితే పాలీప్రొపిలీన్ గానీ పాలిథీన్ గానీ. ఏబీఎస్, నైలాన్ మునుగుతాయి. వైర్లు పట్టే చిన్న క్లిప్పులు చాలావరకు నైలాన్. 1935లో వాలెస్ కరోథర్స్ తయారుచేసినది. ఎండిపోతే పుటుక్కున విరుగుతాయి. అల్లే ముందు తాటాకు తడిపినట్టు వేడినీళ్ళలో నానబెడితే కాస్త వంగుతాయి. పూర్తిగా చచ్చినవి మాత్రం ఎంత నానినా లేవు.

ఇక పగులు. బంక అంటదు కనక కరిగించి అతకాలి. ఆటోనగర్‌లో ఒకాయన సోల్డరింగ్ ఐరన్ లాంటిది కాల్చి, అదే రకం ప్లాస్టిక్ పుల్లని కరిగిస్తూ పగుల్లోకి దించాడు. చూస్తుంటే నాకు మా పుట్టింటి వీధి గుర్తొచ్చింది. సైకిల్ మీద, బొగ్గుల కుంపటి, ఇనప కడ్డీతో వచ్చేవారు, "బకెట్లకి మాట్లేస్తాం" అని కేకేస్తూ. విరిగిన ఇంకో బకెట్ ముక్క అడిగి తీసుకుని, కరిగించి చిల్లు మూసేవారు. ఒక రకానికి ఇంకోరకం ముక్క అతకదని వాళ్ళకి ముట్టుకుంటేనే తెలిసేది. ఇప్పుడు మనకి దగ్గర్లోనే సూరంపల్లిలో సీపెట్ ఉంది, ప్లాస్టిక్ చదువులు చెప్పే కేంద్ర సంస్థ. అక్కడ పాఠంగా చెప్పే సంగతి ఆ సైకిల్ మనుషులు నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని చేసి చూపించారు. బి.ఏ. తెలుగులో కులవృత్తుల పదాలు బోలెడు చదువుకున్నాను. ఈ పనికి పేరెక్కడా తగల్లేదు. ఇత్తడికి వాడిన 'మాటు' అనే మాటే ప్లాస్టిక్‌కీ తెచ్చుకున్నారు.

బేకలైట్‌కి మాత్రం ఈ వైద్యం లేదు. నెయ్యి పేరుకున్నా మళ్ళీ కరుగుతుంది, ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిది కాదు. పాలీప్రొపిలీన్ నెయ్యి జాతి, బేకలైట్ గుడ్డు జాతి. కుక్కర్ పిడి విరిగితే కొత్తదే కొనాలి.

అన్నీ దాచుకోవాలన్న మొండితనం నాకు లేదు. బ్రేక్ ఆయిల్ సీసా కూడా పసుపెక్కి పెళుసుగా ఉంది, దాన్ని మాట్లాడకుండా మార్పించాం. ప్రాణాలతో చెలగాటం వద్దు. నీళ్ళ సీసా పగిలినా బండి ఆగుతుందంతే. అతుకు పెట్టాక నీళ్ళు నింపి, రెండ్రోజులు అరుగు మీద పాత పేపర్ పరిచి నిలబెట్టాం. పేపర్ తడవలేదు. మూడో రోజు మా ఆయనే, ఎవరూ అడక్కుండా, బండికి బిగించారు. పదివేలూ కట్టారు. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళిన పొద్దున అత్తయ్యగారు బానెట్ ఎత్తించి చూసి, "గీత దాకా పొయ్యండి" అన్నారు.

2021లో వచ్చిన నిబంధన ప్రకారం, అసలు రూపం పెద్దగా మారకుండా యాభై ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ హోదా, 'వీఏ' అక్షరాల నంబరు ఇస్తారు. మా బండికి అది 2045లో. పక్కింటావిడ విని, "అప్పటిదాకా ఉంచుతారా!" అని బుగ్గలు నొక్కుకుంది.

మీ ఊళ్ళో బకెట్లకి మాట్లు వేసేవాళ్ళని ఏమని పిలిచేవారు? మీ అమ్మనో అత్తనో అడిగి చెప్పండి, రాసిపెట్టుకుంటాను.